చల్లారాక చూపించిన బొమ్మ

ఏప్రిల్ 21, సోమవారం

ల్యాప్‌టాప్ మళ్లీ ఆరిపోయింది. ఈ నెలలో నాలుగోసారి. అడుగున చెయ్యి పెడితే పెనమే. బోరు ఎక్కడ వేయాలో చెప్పే నా పనంతా దీని మీదే.

గుత్తిలో రిపేరు షాపతను మూత విప్పి చూపించాడు — ఫ్యాను నిండా దుమ్ము, శనగపొట్టు. "రెండు దినాలు ఈడ ఇడ్సిపెట్టి పో మేడం. ల్యాకుంటే యాడో ఒగ చోట మొండికేస్తాది." రెండు రోజులంటే రెండు పొలాలు పోతాయి. ఎండాకాలమే నాకు సీజను. తర్వాత ఇస్తానని తెచ్చేసుకున్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

ఇంట్లో ఇటుకల మీద పెడితే బుద్ధిగా పనిచేస్తుంది. పొలంలోనే దీని వేషాలు.

ఏప్రిల్ 24, గురువారం

యాడికి ఊరి దగ్గర ఓబులేసు పొలం. బత్తాయి తోట, ఇక్కడివాళ్లకు చీనీ. చెట్ల ఆకులు ముడుచుకుపోయాయి. పాత బోరు శివరాత్రికే ఎండిపోయిందట. కొత్త బోరు కోసం గొర్రెలన్నీ అమ్మేశాడు. "ఇదే ఆఖరు మేడం. నీళ్లు పడకుంటే చెట్లు కొట్టేసేదే." నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వాళ్ల నాయన అప్పటికే నీళ్ల జాడ కోసం అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరిగాడు. పడమటి గట్టు దగ్గర టెంకాయ లేచి నిలబడిందట. "నీ మిషను ఏమంటాదో సూద్దాం తల్లీ."

కడ్డీలు పాతి, వైర్లు లాగి, కొలతలు తీసేసరికి పన్నెండు. నీడ లేదు. గొడుగు కింద ల్యాప్‌టాప్. భూమి లోపలి బొమ్మ తెర మీద మెల్లగా పడుతోంది. ఎరుపంటే గట్టి రాయి, నీలమంటే తడి. ఫ్యాను కీచుమంటోంది. ఓబులేసు భార్య తడిగుడ్డ తెచ్చింది. "కుండకు కట్టినట్ల కడితే సల్లగైతాది కదా మేడం!"

చదువుకున్నదాన్ని. వద్దనాలి. కానీ వేళ్లు కాలిపోతున్నాయి... నేనే చుట్టాను. వేడిగాలి బయటికొచ్చే కన్నాలన్నీ మూసుకుపోయాయి. రెండు నిమిషాల్లో తెర నల్లబడింది.

ఆరేముందు తూర్పు వైపు నీలం కనబడింది. కనబడినట్టే ఉంది.

ఎంత గాలి విసిరినా మళ్లీ వెలగలేదు. ముసలాయన గొంతు సవరించుకుని, "ఏం తల్లీ, మిషను పండుకొన్యాదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. "చూడాల్సింది చూసేశాను" అన్నాను. తూర్పున సున్నంతో గుర్తు వేశాను. టెంకాయ ముందు ఓడిపోవడం ఇష్టం లేక వేశాను. ఇక్కడైనా నిజం రాయాలి కదా.

ఏప్రిల్ 25, శుక్రవారం

తెల్లవారుజామున ఐదింటికి, గచ్చు చల్లగా ఉన్నప్పుడు, ఇటుకల మీద పెట్టి ఆన్ చేశాను. వెలిగింది. బొమ్మ మొత్తం వచ్చింది.

తూర్పున నీలం ఉన్నమాట నిజమే. ఇరవై అడుగుల లోపే. పక్క తోట డ్రిప్పు తడి అయ్యుంటుంది. దాని కింద అంతా ఎరుపు... ఎంత లోతుకు పోయినా ఎరుపు. నడిపొలంలో, పాత బోరుకు అవతల, లోతున సన్నటి నీలం చీలిక. టెంకాయదీ తప్పే, నాదీ తప్పే.

బోరు బండి ఆదివారం వస్తుందని ఓబులేసు అన్నాడు. టైముంది. ఓబులేసుకు ఫోను చేయాలి. మిషను తప్పు చెప్పిందనాలా? అది సరిగ్గానే చెప్పింది.

మధ్యాహ్నం — చేయలేదు.

సాయంత్రం — రెండుసార్లు నంబరు తీసి, పెట్టేశాను. రేపు నేనే పోయి చెప్తాను. ముఖాముఖి చెప్పడమే మర్యాద అని నాకు నేను సర్ది చెప్పుకుంటున్నాను. మర్యాద కాదు, భయం.

ఏప్రిల్ 26, శనివారం

బయలుదేరుతుంటే ఓబులేసే ఫోను చేశాడు. "మేడం, బండి పక్కూర్లోనే ఉండాదంటే నిన్న సందేళే పిల్సుకొచ్చినాం. తెల్లారకముందే మొదలుపెట్టినారు. మీరు గుర్తేసిన చోటే! నాలుగొందల అడుగులు దిగింది." వెనక బండి మోత. వస్తున్నానని మాత్రం అన్నాను.

పొలంలోనే కూర్చుని రాస్తున్నాను. ఆరొందల ఎనభై అడుగులు. దుమ్ము. తెల్లటి పొడి దుమ్ము. చీనీ ఆకులన్నీ తెల్లబడ్డాయి. ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా ఓబులేసు ఆ దుమ్ములో చెయ్యి పెట్టి, పిడికిట్లో నలిపి, తడి తగులుతుందేమోనని చూస్తున్నాడు. అతని భార్య బిందె తెచ్చి పక్కన పెట్టుకుంది, మొదటి నీళ్లు పట్టడానికి. ల్యాప్‌టాప్ నా ఒళ్లో, సంచిలో. తెరిచి చూపిస్తే చాలు.

తెరవలేదు.

మోత ఆగింది. బండి డ్రైవరు కేకేశాడు, "ఇంగా దించాల్నా, ఎత్తేయాల్నా?"

ముసలాయన వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "లోపల సూసింది నువ్వు. మాకేం తెలుసు తల్లీ. నువ్వు ఎంత అంటే అంత దించుతాం. చెప్పు."

నేను లెక్క వేస్తున్నాననుకుని అందరూ ఎదురుచూస్తున్నారు. తలెత్తితే జవాబు చెప్పాలి. అందుకే రాస్తూ ఉన్నాను —