బావకు గొట్టం, నీకు కంచం

అక్కయ్యా, నమస్కారం. బావకు ద్రవాహారం పోయడానికి పొట్టకు అమర్చిన గొట్టం చుట్టూ కాస్త తడి ఊరడం మొదటి రోజుల్లో సహజమే, కంగారుపడకు. నొప్పి ఎక్కువైనా, జ్వరం వచ్చినా మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు.

నిన్న మా ఆసుపత్రికి ఒక బస్సు డ్రైవరు భార్యతో వచ్చాడు. గొంతు క్యాన్సరుతో మింగలేకపోతుంటే కిందటి నెల నేనే గొట్టం అమర్చాను. ఆయన కాస్త ఒళ్ళు చేశాడు, ఆమె చిక్కి సగమైంది.

"గొట్టం నా పొట్టకి పెట్టి దీని నోరు కుట్టేశారేంటండీ?" అన్నాడు బొంగురు గొంతుతో. "వంటింట్లో తలుపేసుకుని, నిలబడి రెండు ముద్దలు మింగొస్తుంది. నేనేమన్నా దిష్టి పెడతానా?"

"ఆయన ఎదురుగా ఎలా తిననండీ? నాకు దిగదు," అంది ఆమె.

"ఇంట్లో ఒక్కరికైనా ముద్ద దిగుతోందని నన్ను చూడనియ్యవే!"

నీ ఉత్తరంలో బావకు ఏ పూట ఎంత పోశావో అంతా ఉంది, నీ తిండి మాట ఒక్కటీ లేదు. ఎదురుగా తింటే ఆయనకు కష్టమో కాదో నువ్వే తేల్చేసుకోకు, ఆయన్నే అడుగు. ఫరవాలేదంటే పక్కనే కూర్చుని తిను.

పోసే ముందూ తర్వాతా గోరువెచ్చని నీళ్ళతో గొట్టం కడుగుతున్నావా? పోశాక బావను వెంటనే పడుకోనివ్వకు. వంటింటి కుళాయి బాగైందా? చిన్నదాని పరీక్షలు అయ్యాయా?

బావకు నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. ఈసారి జవాబు బావనే రాయమను. నువ్వు కడుపునిండా తింటున్నావని ఆయన రాస్తేనే నమ్ముతాను.

నీ చెల్లెలు