తడిగుడ్డలో పెట్టిన టారో కార్డులు

బిడ్డా లతా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాదైంది. నువ్వు జోస్యం చెప్పే ఆ టారో కార్డులు చూడడం ఫోనులో వీడియోలు పెట్టుకుని నేర్చుకుంటున్నాను. వాటి మీది ఇంగ్లీషు నాకు చదవరాదు, బొమ్మలే గుర్తుపెట్టుకున్నాను. ఆఖరి రోజు ఆసుపత్రిలో నన్ను తలుపు బయటే ఆపారు కదా, లోపల నువ్వు నన్ను పిలిచావా లేదా, కార్డులను అదొక్కటే అడగాలనుకున్నాను.

కార్డులు గట్టిగా ఉన్నాయి, కలుపుదామంటే నా చేతికి వంగలేదు. బీడీలు చుట్టేముందు తునికాకు మెత్తబడాలని తడిగుడ్డలో చుట్టిపెడతాం కదా, అట్లనే పెట్టాను. పొద్దున విప్పితే అన్నీ ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీస్తుంటే బొమ్మలు ఊడివచ్చాయి.

పక్కింటి సత్తెమ్మ చూసి, "గవి గూడ ఆకులే అనుకున్నవా అక్కా? గిప్పుడు బీడీలు సుడుతవా ఏంది?" అని నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపింది. "తే, ఎండల పెడ్దాం" అన్నది.

ఎండినాక వట్టి తెల్ల అట్టలే మిగిలాయి. నీ చేతులు తిరిగిన కార్డులు బిడ్డా అవి. ఫోను వీడియోలో కార్డులు నేర్పే ఆమె మాత్రం, "మీ ప్రశ్న మనసులో అనుకుని ఒక కార్డు తీయండి" అంటూనే ఉంది.

మీ అమ్మ