చెరిపిన చోటు

చిరంజీవి చెల్లాయికి,

అన్నయ్య దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ మీ వదినా ఉన్నంతలో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అబ్బాయీ కోడలూ, మనవరాలూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. మీ వదిన రోజూ అడుగుతూనే ఉంది, "రాశారా? పాపం ఆ పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది" అని. "రాస్తున్నాను" అంటే, "కాగితం మీదా, మనసులోనా?" అంటుంది. నా సంగతి నీకు తెలిసిందేగా. నోటితో నాలుగు మాటలు మాట్లాడటమే నాకు గండం. కాగితం మీద ఇంకా కష్టం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. మోకాలి నొప్పి తగ్గలేదు, పెరగలేదు. అదీ నేనూ ఒకరికొకరం అలవాటు పడిపోయాం. వదిన దగ్గు నయమైంది. మెట్ల కింద గదిలో నీళ్లు కారుతున్నాయని రాశాను కదా, తాపీ మేస్త్రి వచ్చి బాగుచేశాడు. ఇప్పుడు ఆ గదిలో కారడం లేదు, పక్క గదిలో కారుతున్నాయి. "ఈ వయసులో ఇంకా పనికి పోతున్నావా, సిగ్గు లేదూ" అని రాశావు. పోతున్నాను. సిగ్గు కూడా ఉంది. ఆ సంగతి తర్వాత రాస్తాను.

ఇక అసలు విషయం. మనవరాలు గ్రాఫిక్ డిజైన్ చదువుతానంటోందనీ, వాళ్ల నాన్న లెక్కల చదువులోనే చేరమంటున్నాడనీ, ఇద్దరికీ మాటలు లేవనీ రాశావు. "బొమ్మలు గీసి ఏం తింటావే, రంగులా?" అన్నాడట. చివరికి, "మామయ్య జీవితమంతా ఆ పనే చేశాడు, ఆయన ఎలా చెబితే అలా" అని నా మీదకి తోశాడట. వాడి తెలివి వాడిది. నేను ఎలాగూ నోరు విప్పనని వాడి ధైర్యం.

పిల్ల వేసిన బొమ్మ కూడా పంపావు. చేరడానికి ఈ నెలాఖరు గడువన్నావు. అవునో కాదో ఒక్క మాట చెప్పమన్నావు. నీ ఉత్తరం అడుగున పిల్ల పెన్సిలుతో ఒక ముక్క రాసింది. "తాతయ్యా, ఈ పని మీకెప్పుడూ విసుగు పుట్టలేదా?" అని. అంత సూటిగా నన్నెవరూ అడగలేదు. అందుకే నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను. వాణ్ణీ పిల్లనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి వినిపించు.

నాకు బొమ్మల పిచ్చి ఎప్పుడు పట్టిందో నాకే తెలియదు. నీకు గుర్తుండాలి. మధ్యాహ్నం పూట మనిద్దర్నీ పడుకోమని గదిలో వేస్తే, నీ వీపు మీద వేలితో బొమ్మ గీసి ఏమిటో చెప్పమనేవాణ్ణి. ఏనుగు గీసినా పిల్లి అనేదానివి, బండి గీసినా పిల్లి అనేదానివి. ఒకసారి పోనీలే పాపం అని పిల్లినే గీశాను. కుక్క అన్నావు. బళ్లో పలక మీద లెక్క ఉండాల్సిన చోట మాస్టారి ముక్కు ఉండేది. ఆయన నన్ను కొట్టడం కొట్టారు, ఆ పలక మాత్రం చెరపకుండా వాళ్లావిడకి చూపించడానికి ఇంటికి పట్టుకెళ్లారు. ఆ తర్వాత బడి మానేసి పనికోసం ఇక్కడికి వచ్చాను. అక్కణ్ణుంచి నా సంగతి మీకెవరికీ పెద్దగా తెలియదు. నేను చెప్పలేదు, మీరు అడగలేదు.

ఇక్కడ ఒక అచ్చు ప్రెస్సులో నన్ను కాగితాలు కోసే బల్ల దగ్గర పెట్టారు. అక్కడ ఒక ఆర్టిస్టుగారు ఉండేవారు. సబ్బు కాగితాల మీద, అగ్గిపెట్టెల మీద, నూనె డబ్బాల మీద అక్షరాలూ బొమ్మలూ అన్నీ ఆయన చేతివే. నేను పని వదిలేసి ఆయన వెనక నిలబడి చూస్తుంటే, "టిక్కెట్టు కొన్నావా?" అనేవారు. కొన్నాళ్లకి ఒక కుంచె ఇచ్చి గీతలు గీయమన్నారు. గీతలంటే ఉత్త గీతలే. పైనుంచి కిందకి, లావు మారకుండా. ఏడాది పైగా ఇంకేమీ గీయనివ్వలేదు. "బొమ్మ ఎప్పుడండీ" అని అడిగితే, నా గీత వంక చూసి, "ఇది ఇంకా తాగే ఉంది. ముందు దీన్ని నిలబెట్టు" అన్నారు.

నా మొదటి బొమ్మ ఒక సబ్బు కాగితం మీద బాతు. అచ్చయి బజారులోకి వచ్చిన వారంలోనే అది మా వీధి మలుపులో కాలవ పక్కన తడిసి పడి ఉంది. ఎవరో సబ్బు తీసుకుని కాగితం పారేశారు. నిలబడి చూశాను. అప్పుడు బాధ కలగలేదు. నా బాతు బజార్లో తిరుగుతోందని సంబరపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే వేరేగా ఉంటుంది. నేను గీసినవన్నీ చింపి పారేయడానికి గీసినవే. ఎవరి ఇంట్లోనూ ఒక్కటి మిగిలి ఉండదు.

కంప్యూటర్లు వచ్చేసరికి నాకు జుట్టు నెరుస్తోంది. మౌస్ పట్టుకుంటే తడి సబ్బు పట్టుకున్నట్టు జారిపోయేది. గీత ఒకచోట మొదలుపెడితే ఇంకోచోట తేలేది. అయినా నేర్చుకున్నాను. ఇష్టంతో కాదు, భయంతో. ఆర్టిస్టుగారు నేర్చుకోలేక ఇంటికి వెళ్లిపోయారు. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఆ కుర్చీ చాన్నాళ్లు నాకు వేడిగానే ఉన్నట్టుండేది. ఇంకా ఆయన దాంట్లోంచి లేవనట్టు.

పిల్ల అడిగినదానికి జవాబు, విసుగు పుట్టింది. చాలాసార్లు. ఒకాయన బిస్కట్టు ప్యాకెట్టు పని తెచ్చి రోజంతా నా భుజం పక్కన కూర్చున్నాడు. "పాప నవ్వాలండీ" అన్నాడు. నవ్వించాను. "ఇంకా నవ్వాలి" అన్నాడు. ఇంకా నవ్వించాను. "మరీ ఇంత నవ్వితే ఎలా, బిస్కట్టు కనబడాలి కదా" అన్నాడు. నోరు మూయించాను, పాపది. అక్షరాలు పెద్దవి చేయమంటారు. అన్నీ పెద్దవైతే ఏదీ పెద్దగా కనబడదండీ అని మొదట్లో చెప్పేవాణ్ణి. తర్వాత చెప్పడం మానేశాను. అడిగినట్టు చేసి ఇచ్చేస్తాను. ఇంటికొచ్చి సొంతానికి ఒక బొమ్మ వేసుకుందామని పెన్సిలు పట్టుకుంటే, చెయ్యి కదలదు. ఎవరికి, ఏ సైజు అని అడుగుతుంది. దాంతో పెన్సిలు కింద పెట్టేసి పడుకుంటాను.

మీ అబ్బాయి అడిగినదానికీ చెబుతాను. ఏం తింటుంది అన్నావు కదరా అబ్బాయ్, అందరిలాగే అన్నమే తింటుంది. మీ అత్తయ్యా నేనూ దీనిమీదే బతికాం. గొప్పగా కాదు, మరీ లోటుగానూ కాదు.

ఇప్పుడు దాచిన సంగతి రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన రెండోరోజే నేను జవాబు రాశాను చెల్లాయీ. వద్దని రాశాను. నువ్వు కిటికీ పక్కన కుర్చీలో కునుకు తీస్తున్న బొమ్మ కదా ఆ పిల్ల వేసింది. పోలిక బాగా కుదిరింది. కానీ గోడా, నీ మీది దుప్పటీ, కిటికీ అవతల ఆకాశం అన్నీ నాకు ఒకే మట్టిరంగులో కనిపించాయి. "పిల్లకి చెయ్యి ఉంది గానీ రంగు తెలియదు. అది నేర్పితే వచ్చేది కాదు. లెక్కల్లోనే చేర్చండి" అని రాశాను. కవరు అతికించాను. దారిలో పోస్టు చేద్దామని, బొమ్మతో పాటు సంచిలో పెట్టుకుని పనికి వెళ్లాను. డబ్బా దగ్గర వేయబుద్ధి కాలేదు. బొమ్మ ఇంకోసారి చూసి వేద్దాంలే అనుకున్నాను.

బల్ల మీద పరిచి చూస్తున్నాను. మెషిన్ నడిపే మేస్త్రి టీ పట్టుకుని వచ్చి వెనక నిలబడ్డాడు. వాడూ నాతో పాటే ఆ ప్రెస్సులో ముసలివాడయ్యాడు.

"ఎవరు వేశారండీ?"

"మా చెల్లెలి మనవరాలు."

"నీలం భలే వాడింది. ఆ కిటికీ చూస్తుంటే చలేస్తోంది."

"నీలం ఎక్కడుంది?" అన్నాను.

నేను హాస్యమాడుతున్నాననుకుని నవ్వాడు. తర్వాత నా మొహం చూసి ఆపేశాడు. టీ గ్లాసు నా ముందు పెట్టి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఒక సంగతి చెబుతాను, తిట్టకండి" అన్నాడు.

లేబుళ్లు అచ్చు వేసేముందు మొదటి కాగితం నాకు చూపిస్తారు. నేను సరే అంటేనే మెషిన్ తిరుగుతుంది. చాలాకాలంగా నేను ఏ కాగితం చూసినా, "నీలం చాల్లేదు, ఇంకాస్త వెయ్యి" అంటున్నానట. మొదట్లో వేశాడట. ఉప్పు ప్యాకెట్లు సిరాలో ముంచి తీసినట్టు వచ్చాయి. యజమాని వాణ్ణే తిట్టాడు. వాడు నా పేరు చెప్పలేదు. అప్పట్నుంచీ నేను నీలం వేయమంటే, ఆ కాగితం పట్టుకుపోయి, మెషిన్ వెనక కాసేపు నిలబడి, అదే కాగితం మళ్లీ తెచ్చి చూపిస్తున్నాడు.

"మీరు చూసి, ఆ, ఇప్పుడు కుదిరింది అనేవారు" అన్నాడు.

"ఎన్నిసార్లు?"

"ఎవరు లెక్కపెట్టారు. పోన్లెండి, సిరా మిగిలింది."

నేను సంచిలోంచి ఉత్తరం తీసి చింపేశాను. ఏమిటది అని అడిగాడు. పాడైన నమూనా అన్నాను.

కళ్ల డాక్టరు దగ్గరికి వాడే తీసుకెళ్లాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయట. పసుప్పచ్చ అద్దంలోంచి చూస్తున్నట్టే ఉంటుందట నాకు అంతా. మెల్లమెల్లగా వచ్చింది కాబట్టి తెలియలేదన్నారు. ఆపరేషన్ చేస్తే పోయిన రంగులు మళ్లీ కనబడతాయన్నారు. వచ్చే నెల మొదట్లో రమ్మన్నారు. భయపడాల్సిందేమీ లేదు, నువ్వు కంగారుపడకు.

మీ వదినకి నిన్న సాయంత్రమే చెప్పాను.  "నా కొత్త శాలువా ఏ రంగంటే గోధుమరంగు అన్నారు. అది నీలం. ఇక నన్ను చూడటమే మానేశారు అనుకున్నాను" అంది. ఇన్నాళ్లూ ఆ మాట లోపల పెట్టుకుని నాకు అన్నం వడ్డిస్తూ వచ్చింది.  శాలువా బాగుంది అన్నాను.

చెల్లాయీ, నాకు సిగ్గుగా ఉందన్నది దీనికే. కళ్లు పోయినందుకు కాదు. వయసొస్తే కళ్లు పోతాయి. ఒక పిల్ల బతుకు గురించి అడిగితే, నా కంటిలో ఉన్న మురికిని దాని బొమ్మ మీద చూసి, రంగు తెలియదని రాసేశాను. డబ్బాలో పడి ఉంటే మీరంతా నా మాట నమ్మేవాళ్లు.

ఆ బొమ్మని మళ్లీ చూశాను. ఈసారి రంగుల జోలికి పోలేదు. గీతలు నాకు ఇంకా తెలుస్తాయి. వెలుతురులో పట్టుకుని చూశాను. నువ్వు చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతున్నావు. ఆ చేతి చిటికెన వేలి దగ్గర కాగితం నూగు లేచింది. వేలితో తడిమి చూశాను. గీసింది, చెరిపింది. మళ్లీ గీసింది, మళ్లీ చెరిపింది. ఇంకొక్కసారి చెరిపితే కాగితం చిల్లు పడేది. ఆ వేలు ఎలా ఉందని ఎవరూ అడగరు. నువ్వు అడగవు, వాళ్ల నాన్నయితే ఆ వేలు ఉన్నట్టు కూడా చూసి ఉండడు. ఆ పిల్లకే సరిపోలేదు.

నేను ఇన్నేళ్లలో చాలామందికి పని నేర్పాను. మంచి రంగు తెలిసినవాళ్లు వచ్చారు, పోయారు. ఎవరూ చెప్పకుండా తన గీత తనే చెరుపుకునేవాళ్లని ఇద్దర్నో ముగ్గుర్నో చూశాను. వాళ్లు ఈ పనిలో ఇంకా ఉన్నారు. విసుగు వాళ్లకీ ఉంది. అయినా ఉన్నారు.

అబ్బాయ్, చేర్చు. మీ అమ్మ అడిగిన ఒక్క మాట అదే.

అమ్మా, బొమ్మలమ్మాయీ, నీ పనిలో సగం నీది కాదని ముందే తెలుసుకో. పాపని ఇంకా నవ్వించమంటారు, నవ్వించు. అక్షరం పెద్దది చేయమంటారు, నాలా చెప్పడం మానేయకు, ఒకసారైనా చెప్పి చెయ్యి. ఇంటికొచ్చాక ఎవరికీ ఇవ్వనక్కర్లేనిది ఒకటి గీసుకుంటూ ఉండు. నేను ఆ అలవాటు పోగొట్టుకున్నాను. అందుకే ఇంత అలిసిపోయాను, పనివల్ల కాదు.

యజమానితో కూడా చెప్పేశాను. ఇకమీద రంగులు మేస్త్రి చూస్తాడు. ఆపరేషన్ అయ్యాక మళ్లీ పనికి రమ్మన్నాడు. చూద్దాం అన్నాను. వెళ్లాలనీ లేదు, మానేయాలనీ లేదు.

చెల్లాయీ, ఇదంతా విని మీ అబ్బాయి "ఆలోచిద్దాంలే" అంటాడు. వాడి ఆలోచన నాకు తెలుసు, గడువు దాటేదాకా ఆలోచిస్తాడు. నెలాఖరుకి రెండురోజుల ముందుకల్లా కబురు రాకపోతే నేను బయల్దేరి వస్తాను. మేస్త్రి రైలెక్కిస్తానన్నాడు. వచ్చి వాడి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఏమీ మాట్లాడను. పిల్లని చేర్చేదాకా వాడు తింటున్నా, పేపరు చదువుకుంటున్నా అలాగే చూస్తూ కూర్చుంటాను. నా సంగతి వాడికి తెలుసు, నాకు అది చేతనవును.

ఇట్లు,
మాట రాని నీ పెద్దన్నయ్య