పద్దెనిమిదో పేజీ

ఆరో తారీఖు

ప్రియమైన గడియారానికి,

నిన్ను ఇలా పిలిచి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఇంకా టంచనుగానే నిద్ర లేస్తున్నావా? నేను మాత్రం ఈ మధ్య ఎప్పుడు లేస్తున్నానో, ఏ ఊళ్ళో లేస్తున్నానో నాకే తెలియడం లేదు. అంతా ఈ పుస్తకం పుణ్యమే.

మా అమ్మాయి ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ నన్ను సభలకి తిప్పుతోంది. ఏ రంగు బట్టలు వేసుకోవాలో, ఎక్కడ ఆగి నీళ్ళు తాగాలో, ఏ పేజీ చదవాలో అన్నీ ఆవిడగారే సెలవిస్తుంది. రెండో ముద్రణ కూడా వచ్చే నెల పదో తారీఖున అచ్చుకి వెళ్తుందట, పబ్లిషరుతో ఆ వ్యవహారాలన్నీ తనే చూస్తోంది. మా ఆయన ఇంకా పుస్తకం ముట్టుకోలేదు. "నీతో కాపురం చేశాను కదా, మళ్ళీ చదవడం దేనికి?" అంటాడు.

ఈ ఉత్తరంతో పాటు ఒక ప్రతి పంపుతున్నాను. తొమ్మిదో అధ్యాయం నీ గురించే. కోపం తెచ్చుకోకుండా చదువు. నీ పేరు రాయలేదు, గడియారం అని మాత్రమే రాశాను. ఎక్కడికి వెళ్ళినా జనం ఆ అధ్యాయమే చదవమంటున్నారు, చదివితే కొందరు ఏడుస్తున్నారు కూడా. ఇరవై ఆరున మీ ఊరి లైబ్రరీలో సభ. పదకొండేళ్ళు పత్రికాఫీసులో ఒకే బల్ల దగ్గర ప్రూఫులు చూసినవాళ్ళం. వేదిక మీద నా పక్క కుర్చీ నీదే. రానంటే ఊరుకోను.

నీ
పెద్దగొంతు

పదకొండో తారీఖు

రచయిత్రి గారికి,

'మీరు' అని రాద్దామని కూర్చున్నాను. చేతికి అలవాటు లేదు, అందుకని 'నువ్వు' అనే రాస్తున్నాను. దాన్ని చనువనుకోకు.

నీ తొమ్మిదో అధ్యాయం నాకంటే ముందు మా కోడలు చదివింది. అన్నం దగ్గర కూర్చుని అందరికీ వినిపించింది కూడా. పరీక్షా ఫలితాల రోజు. బోర్డు వాళ్ళు పంపిన కాగితాలు చూస్తూ నువ్వు నంబర్లు పైకి చదువుతున్నావు, నేను ప్రూఫులో సరిచూస్తున్నాను. "తల ఎత్తి చూస్తే నా స్నేహితురాలి కళ్ళు మూతలు పడి ఉన్నాయి, పెదవి చివర చొంగ కారుతోంది, లేపడానికి మనసు రాలేదు" అని రాశావు. నా కునుకు వల్ల నలభై మంది పాసైన పిల్లల నంబర్లు పేపర్లో రాలేదని, అందులో ఒక అమ్మాయి మూడు రోజులు ఇంటికి రాలేదని, నా ఉద్యోగం పోయిందని, నువ్వు మాత్రం నన్ను ఒక్క మాట అనలేదని రాశావు. మా మనవడు నా వైపు చూసి "చొంగ నిజమేనా నాయనమ్మా?" అని అడిగాడు.

అది ఇంటి సంగతి. ఆ ఉద్యోగం పోయాక నేను ఇంట్లో కూర్చుని ప్రూఫులు చూసే బతుకుతున్నానని నీకు తెలుసు. పాఠ్యపుస్తకాలు అచ్చేసే ఆయన పంతొమ్మిదేళ్ళుగా నాకు తప్ప ఎవరికీ ఇవ్వడు. మొన్న మనిషిని పంపి, నా దగ్గరున్న లెక్కల పుస్తకం ప్రూఫులు వెనక్కి తెప్పించుకున్నాడు. 'కొన్నాళ్ళు ఆగుదామండీ' అన్నాడట. ఈ ఊళ్ళో గడియారం అంటే ఎవరో తెలియనివాడు లేడు.

రెండో ముద్రణలో ఆ అధ్యాయం ఉండకూడదు. నీ వేదిక, నీ కుర్చీ నాకక్కర్లేదు.

ఇట్లు
ప్రూఫ్ రీడర్

పదిహేనో తారీఖు

ప్రియమైన గడియారానికి,

నీ ఉత్తరం చదివాను. ఒళ్ళు మండింది. మా అమ్మాయి "ఏంటమ్మా ముఖం అలా పెట్టావు?" అంటే ఏదో చెప్పి తప్పించుకున్నాను.

నేను కల్పించి రాశానా? ఆ రోజు మేనేజరు గదిలోంచి బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి, "నాకే కునుకు పట్టిందే, నువ్వు చదివింది వినలేదు, అదే చెప్పేశాను" అన్నది నువ్వు కాదా? నేను నీ చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని దిగిపోయావు. ఆ తర్వాత ఒక్కసారైనా నా ఇంటికి వచ్చావా? నా కూతురు పుడితే చూశావా? నేను రాసిన మూడు ఉత్తరాలకి ఒక్కదానికైనా జవాబిచ్చావా? నువ్వు ముఖం చాటేస్తే తప్పు నాదా?

ముప్పై ఒక్క ఏళ్ళు నోరు విప్పలేదు. ఆత్మకథ అన్నాక జరిగింది రాయాలి. నీకు నచ్చినవి ఉంచి, నచ్చనివి తీసెయ్యడానికి అది నీ ఇంటి అలమర కాదు. పైగా ఎంత ప్రేమగా రాశానో నీకు కనపడలేదు, చొంగ ఒక్కటే కనపడింది. పాఠ్యపుస్తకాల ఆయనకి కావాలంటే నేను ఫోను చేసి చెబుతాను, ఇప్పుడు నువ్వు పగలు నిద్రపోవని.

అధ్యాయం తియ్యను. పబ్లిషరు కూడా ఒప్పుకోడు. సభకి వస్తే సంతోషం, రాకపోతే నీ ఇష్టం.

నీ
పెద్దగొంతు

పంతొమ్మిదో తారీఖు

పెద్దగొంతుకి,

ఫోను చేసి చెబుతావా? చెప్పు. ఇది కూడా కలిపి చెప్పు.

చదివేవాళ్ళు పేజీ తిప్పినప్పుడల్లా ఆ పేజీ సంఖ్య గట్టిగా పలకాలి. మన సెక్షన్లో మొదటి రోజు నేర్పేది అదే. వినేవాళ్ళకి కాగితాలు కనపడవు, ఆ సంఖ్యే దారి. అప్పుడు నీకు ఏడో నెల. ఆయాసం వస్తోందని నువ్వు సంఖ్య పలకడం మానేసి నెల దాటింది. నేను అడగలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను. నాది అంతవరకే.

బోర్డు వాళ్ళు సిరా ఆరకముందే పేర్చి పంపిన కాగితాలు అవి. పదిహేడో పేజీకి పద్దెనిమిది అతుక్కుపోయింది. అచ్చు అక్షరాలు కూర్చే కంపోజింగ్ వాళ్ళు రెండూ కలిపి తిప్పేశారు, నువ్వూ అలాగే తిప్పేశావు. పదిహేడో పేజీ నంబర్లు అవగానే నీ నోటి నుంచి వచ్చినవి పంతొమ్మిదో పేజీ నంబర్లు. ప్రూఫులోనూ అవే ఉన్నాయి. రెండూ సరిపోయాయి కాబట్టి నేను టిక్కు పెట్టాను. కళ్ళు తెరుచుకునే పెట్టాను. నువ్వు చదవనిదాన్ని వినే విద్య నాకు రాదు.

మర్నాడు మేనేజరు పిలిచేలోపు బల్ల మీద ఆ కాగితాలు చూశాను. ఇంకా అతుక్కునే ఉన్నాయి. గోటితో నేనే విడదీశాను. లోపలికి వెళ్ళి, ఆవిడ పద్దెనిమిదో పేజీ చదివింది, నేనే నిద్రపోయాను అన్నాను. మీ ఆయన షాపు మూతపడి ఇంట్లో కూర్చున్నాడు. నీ కడుపులో బిడ్డ ఉంది. నాకు అప్పుడు మా ఆయన జీతం ఉంది. అంతే లెక్క వేసుకున్నాను. నీకు నిజం తెలిస్తే ఆ నెలల్లో తట్టుకోలేవని నీకూ అదే అబద్ధం చెప్పాను. తర్వాత నీ ముఖం చూస్తే ఎక్కడ నోరు జారతానో అని రాలేదు. పొగరు అనుకున్నావు. అనుకో.

కునుకు తీశానని చెప్పింది నేనే. మరి చొంగ నీకెవరు చెప్పారు? మూతపడని కళ్ళని మూతపడగా నువ్వెలా చూశావు?

జవాబు నాకు రాయనక్కర్లేదు. పుస్తకంలో రాయి.

ఇట్లు
నిద్రపోనిది

ఇరవై ఏడో తారీఖు

గడియారానికి,

నిన్న మీ లైబ్రరీలో సభ జరిగింది. వేదిక మీద నా పక్క కుర్చీ ఖాళీగా పెట్టించాను. మీ పాఠ్యపుస్తకాల ఆయన మొదటి వరసలో కూర్చున్నాడు. మా అమ్మాయి ఎప్పటిలాగే మైకులో "ఇప్పుడు అమ్మ తొమ్మిదో అధ్యాయం చదువుతుంది" అంది.

నీ ఉత్తరం నా సంచిలో ఉంది. అధ్యాయం బదులు అదే చదవాలని బయల్దేరాను. లేచి నిలబడేదాకా ఆ ఉద్దేశమే ఉంది. తర్వాత పుస్తకం తెరిచి, నా గొంతు ఎంత పెద్దదో అంత పెద్దగా, చొంగతో సహా చదివాను. చప్పట్లు కొట్టారు. ఆ పాఠ్యపుస్తకాల ఆయన కూడా పుస్తకం మీద సంతకం చేయించుకుని వెళ్ళాడు.

నువ్వు అడిగినదానికి జవాబు రాస్తున్నాను. ఆ రోజు నువ్వు గోటితో కాగితాలు విడదీస్తుంటే తలుపు సందులోంచి చూశాను. ఏం జరిగిందో అప్పుడే అర్థమైంది. మెట్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. నువ్వు వచ్చి నిద్రపోయానన్నావు. అది అబద్ధమని నీకు తెలుసు, నాకూ తెలుసు. నాకు తెలుసని మాత్రం నీకు తెలియదు. చెయ్యి పట్టుకుని ఊరుకున్నాను. ఊరుకుంటే సరిపోయింది కదా, అందుకని ముప్పై ఒక్క ఏళ్ళూ ఊరుకున్నాను.

పుస్తకం రాసేటప్పుడు మా అమ్మాయి, "ఇక్కడ ఏం చూశావో రాయమ్మా, మరీ పొడిగా ఉంది" అంది. చూసింది రాయలేను కాబట్టి చొంగ రాశాను. రాసి, సభ తర్వాత సభలో చదువుతుంటే, నిజంగానే నీ కళ్ళు మూతపడి కనపడేవి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అది నాకు హాయిగా ఉండేది.

పబ్లిషరుకి చెప్పే ధైర్యం నాకు లేదు. మా అమ్మాయికి చెప్పే ధైర్యం అసలే లేదు. అది నన్ను చూసి ఎంత మురిసిపోతుందో నువ్వు చూడలేదు. ఈ ఉత్తరం కింద నా పూర్తి పేరుతో సంతకం పెడుతున్నాను. మీ ఊళ్ళో ఎవరికి చూపించి నీ పని తిరిగి తెచ్చుకుంటావో నీ ఇష్టం. నేను కాదనను.

క్షమించమని అడగను. అడిగితే నువ్వేమంటావో తెలుసు.

(సంతకం)

ముప్పయ్యో తారీఖు

రచయిత్రి గారికి,

మీ ఉత్తరం అందింది. ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఒక నిజం నుంచి కాపాడాననుకున్నాను. ఆ ఉద్యోగం ఎందుకు పోగొట్టుకున్నానో ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు.

పాఠ్యపుస్తకాల ఆయనకి చూపించలేదు. ఆయన నమ్మినా నమ్మకపోయినా నాకు చేతనైన విద్య ఎక్కడికీ పోదు. నేను ఎవరి కోసం అబద్ధమాడానో ఆ మనిషికి పంపాను. పుస్తకం వెనక, సభలకి పిలిచేవాళ్ళ కోసం మీ అమ్మాయి పేరూ అడ్రసూ ఉన్నాయి. రిజిస్టరు పోస్టులో వేశాను, రేపు చేరుతుంది.

పదో తారీఖున రెండో ముద్రణలో ఏం అచ్చు వెయ్యాలో ఆ పిల్లే చూసుకుంటుంది.

ఇట్లు
ప్రూఫ్ రీడర్