వేళ్ళ ఆకారంలో లేచిన పొర

అక్కకి,

కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వదిలేసి వచ్చిన రోజు నువ్వు నన్ను ఒక్క మాట కూడా ఎందుకు అనలేదు? పదకొండేళ్ళుగా అడగాలనుకుని ఊరుకుంటున్నాను. ల్యాబ్‌కు రాని పిల్లలకు ప్రాక్టికల్ మార్కులు వేయనన్నందుకు అందరూ తిట్టారు. నువ్వు మాత్రం కంచం పెట్టి అన్నం వడ్డించావు. సరే, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారికి షుగర్ అదుపులో ఉందా? నేను బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు.

షార్జాలో ఉక్కపోత ఇంకా తగ్గలేదు. ఆదివారాలు నాతో నేనే మాట్లాడుకుంటున్నాను. ఎవరైనా ఇటు వస్తుంటే కందిపొడి పంపు.

మా ఫ్యాక్టరీలో అల్యూమినియం రేకుల మీద రంగు ప్లాస్టిక్ పొర అతికిస్తారు. ముందు రేకును క్షారం తొట్టిలో ముంచి జిడ్డు పోగొట్టి, కడిగి, పొర పట్టుకునేందుకు మందు పూస్తారు. కడిగాక ఏ కాస్త జిడ్డు తగిలినా పొర నిలవదు. పరీక్షించి సంతకం పెట్టడం నా పని. మొన్న టేపు అంటించి లాగితే అన్ని ముక్కల మీదా పొర నిలిచింది. మరిగే నీళ్ళలో గంటసేపు ఉంచితే ఒక ముక్క మీద పొర సరిగ్గా నాలుగు వేళ్ళ ఆకారంలో లేచింది.

ఆ వేళ్ళు మల్లేశ్‌వి. జగిత్యాల వైపు మనిషి, తొట్ల దగ్గర పని. నెల నుంచీ వాళ్ళకు గ్లోవ్స్ ఇవ్వడం లేదు. క్షారానికి చేతులు పగిలి, కొబ్బరినూనె రాసుకుని, ఒట్టి చేతులతో రేకులు ఎత్తాడు.

కొన్నవాళ్ళు రేకుల్ని వండుకుంటారా అని మా ముదీర్, అంటే ఇక్కడి మాటలో మేనేజరు, వెటకారం చేశాడు. ఇక్కడి ఎండే వండుతుంది అన్నాను.

"టేప్ పాస్ హై నా మేడమ్. సైన్ కరో, ఖలాస్."

చేయలేదు. ఫెయిల్ అని రాసి, కారణం గడిలో గ్లోవ్స్ ఇవ్వలేదని రాశాను. కాగితం తిరిగొచ్చింది. సోమవారంలోగా పాస్ అనైనా రాయాలట, మల్లేశ్ నిర్లక్ష్యం అనైనా రాయాలట. రెండూ రాయనన్నాను. ఒక గ్లోవ్స్ డబ్బా కొని ముదీర్ చూస్తుండగానే తొట్ల దగ్గర పెట్టాను.

సాయంత్రం బస్సు దగ్గరికి మల్లేశ్ వచ్చాడు.

"పాస్ అని రాయరాదుండ్రి అక్కా. మీకు చదువున్నది, యాడన్న బతుకుతరు. నన్ను ఇంటికి తోలితే మల్ల ఎవడు తెచ్చుకుంటడు?"

ముదీర్‌కు ఎన్నిసార్లయినా ఎదురు చెబుతాను. మల్లేశ్ అడిగినదాన్ని మాత్రం బస్సులో దారంతా తిప్పి తిప్పి ఆలోచించాను.

పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. నువ్వూ బావగారూ నన్ను దీవించండి. సోమవారం ఆ కాగితం ఉన్నదున్నట్టు ఇవ్వాలో, అతని కోసం పాస్ అని మార్చాలో నాకింకా తేలలేదు.

నీ చెల్లెలు
శారద