ఒక్క చుక్క తేనె

డిసెంబర్ 4

ఇవాళ నాతో మాట్లాడిన మనుషులు ఇద్దరు. ఒకరు ల్యాబ్ మేడమ్. అరవై అక్షింతల పురుగులున్న (ఎర్రటి రెక్కల మీద నల్ల చుక్కలుండేవి) డబ్బా అప్పజెప్పి, ఫ్రీజర్ టెస్ట్ అయ్యేదాకా వీటికి తిండి పెట్టొద్దన్నారు. చలికాలం ముందు ఇవి కడుపు ఖాళీ చేసుకుంటాయట. లోపల తిండి నలుసు మిగిలితే దాని చుట్టూనే మంచు గడ్డకట్టి పురుగు చస్తుందట. ఖాళీ కడుపుదైతే మైనస్ పదిలోనూ బతికి బట్టకడుతుంది.

రెండోవాడు ఫ్రీజర్ మెకానిక్ బాబాయి. రోజూ అడిగేదే, తిన్నావా అమ్మాయ్ అని. తిన్నానని అబద్ధం చెప్పాను.

డిసెంబర్ 7, ఆదివారం

అక్కకి ఫోన్ చేశాను. పిల్లలకి పరీక్షలు, తర్వాత చేస్తానంది. చెయ్యలేదు.

డిసెంబర్ 8, ఉదయం 8

గదిలో ఉండబుద్ధి కాక గంట ముందే ల్యాబుకి వచ్చేశాను. విడాకులయ్యాక పొద్దులు మరీ పొడుగైపోయాయి. డబ్బా నా టేబుల్ దీపం కింద వెచ్చగా పెట్టి మూత తీస్తే ఒకటి నా వేలెక్కింది. గోరు దాకా వెళ్లి ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఒక్క చుక్కకి ఏమవుతుందిలే అని, బ్రెడ్‌లోకి తెచ్చుకున్న తేనె దూదికి అద్ది లోపల పెట్టాను. అన్నీ మూగాయి. ఒకరికి వడ్డించి ఎన్నాళ్లయిందో!

డిసెంబర్ 12

రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి పొద్దున తీశాం. సాయంత్రానికి కాళ్లు కదిపినవి నాలుగు. పోయినసారి యాభై రెండు.

మేడమ్ బాబాయి మీద విరుచుకుపడ్డారు. టెంపరేచర్ మరీ కిందికి పోయుంటుంది, నువ్వు చూసుకోలేదన్నారు. మెషీన్ బానే ఉందమ్మా అని ఆయన అంటూనే ఉన్నాడు. రేపట్నుంచి రావద్దన్నారు. తేనె సంగతి నేను చెప్పలేదు. ఈ పని పోతే పొద్దున లేచి వెళ్లడానికి నాకో చోటంటూ ఉండదు.

డిసెంబర్ 13

తిన్నావా అని ఎవరూ అడగలేదు.

డిసెంబర్ 15

కొత్త మెకానిక్ వచ్చి ఫ్రీజర్ విప్పి చూశాడు. లోపమేమీ లేదన్నాడు. అయినా బాబాయిని పిలవరట. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు మేడమ్.

తేనె పెట్టింది నేనేనని చెప్పేశాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. ఎందుకు పెట్టావన్నారు. ఆకలేస్తుందేమోనని అన్నాను. చలికాలంలో వాటికి ఆకలుండదు, నీకు చెప్పానుగా అన్నారు. నా ముందే బాబాయికి ఫోన్ చేసి రమ్మన్నారు. నన్ను రేపు తాళాలిచ్చి వెళ్లమన్నారు.

డిసెంబర్ 16

తాళాలిచ్చి బయటికొస్తుంటే గేటు దగ్గర బాబాయి ఎదురయ్యాడు. మూడు రోజులు నోరు మూసుకున్నావా అమ్మాయ్ అన్నాడు. బస్టాప్ దాకా వచ్చి పక్కన నిలబడ్డాడు.

రెండు బస్సులు పోనిచ్చాను.