కార్డులో లేని మేనత్త

మిర్యాలగూడ,
బుధవారం.

అన్నయ్యా,

సూర్యాపేటలో నువ్వు అచ్చు వేయించిన రూప పెళ్లికార్డు అందింది. ఆహ్వానించేవాళ్లలో, మూడేళ్ల కింద పోయిన మా ఆయన పేరు 'కీ.శే.' అని పెట్టి మరీ వేయించావు. బతికున్న నా పేరు లేదు. పోయిన మామయ్య పెళ్లికి పిలవవచ్చు, ఉన్న మేనత్త పిలవకూడదా? ఇది ఏ శాస్త్రంలో ఉందో చూపించు.

ఫోన్లో అడిగితే ఏమన్నావు? "గట్ల రాయరమ్మా. లగ్నం టైంకు జర వెనక రూంల కూసో, గంటసేపే గద!"

గంటసేపే! మా ఆయన కూడా అంతే. "ఈ సీజన్ అయిపోనీ, సాగర్ చూసొద్దాం" అంటూ ఇరవై ఆరేళ్లు రైసు మిల్లు వదలలేదు. పక్కనే ఉన్న నాగార్జునసాగర్ చూడకుండానే యాభై రెండేళ్లకు పోయాడు. పోయిన నెల నేనొక్కదాన్నే వెళ్లి, కృష్ణ ఒడ్డున కూర్చుని పులిహోర తిని వచ్చాను. నాకు యాభై వచ్చాయి. ఇంకెన్నేళ్లు ఉంటానో నీకూ తెలియదు, నీ పంతులుకూ తెలియదు.

నీ బిడ్డ నీకంటే నయం. "అత్తమ్మా, డాడీతోని నువ్వు కొట్లాడు. నువ్వు బొట్టు పెట్టకుంటే నేను పీటల మీదికి రానే రాను" అంది.

కాబట్టి విను. ఆదివారం, పెళ్లినాడు, మొదటి బస్సుకే మీ కోదాడలో దిగుతాను. పిల్లకు బొట్టు నేనే పెడతాను. కీడు అనుకునేవాళ్లు నా ముఖం మీదే అనాలి, జవాబు అక్కడే చెబుతాను. స్టాండుకు కారు పంపకు. పట్టుచీర కట్టుకుని, బజారంతా చూస్తుండగా నడిచే వస్తాను.

నీ చెల్లెలు